తడి అట్ట వాసన

పిన్ని ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆవిడ భర్త ఆవిడకి నోరు తెరిచే అవకాశం ఇవ్వడు. పోసింది మింగకుండా ఉమ్మేసినందుకు జీతమిచ్చే కొలువు ఇంకెక్కడా లేదని తనే చెప్పేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే మాట. విన్నవాళ్ళు నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. పిన్ని మాత్రం ఆపాటికే ఎదుటి మనిషి చొక్కా ఏ సబ్బుతో ఉతికారో కనిపెట్టే పనిలో ఉంటుంది.

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. కింద షాపు, పైన ఇల్లు. ఆ ఇంట్లో కళ్ళ వ్యవహారం ఆయనది, ముక్కు వ్యవహారం ఆవిడది. చెవుల సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు కాబట్టే ఒకరు చెప్పేది ఇంకొకరు వినరని వాళ్ళమ్మాయి అంటూ ఉంటుంది.

పిన్ని పనిచేసేది వైన్లు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో. ఇరవై రెండేళ్ళ వయసులో సీసాల మీద అంటించే లేబుళ్ళు టైపు చేయడానికి చేరింది. చేరిన ఏడాదికి, ఏవో కాగితాల మీద సంతకం కోసం యజమాని గదికి వెళ్ళి, లోపల అడుగు పెట్టకుండానే, ఆ మూడో గ్లాసులో ఏదో పులిసిపోయింది చూసుకోండి అని చెప్పి సంతకం పెట్టించుకుని వచ్చేసింది. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురు పెద్దమనుషులూ ముక్కున వేలేసుకున్నారు. అప్పటికి అరగంట నుంచీ వాళ్ళు ఆ మూడో గ్లాసునే మెచ్చుకుంటున్నారు మరి. మర్నాటి నుంచి టైపు మెషీను ఇంకొకరికి ఇచ్చి ఆవిడని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

పిన్ని అన్న పిలుపు యజమాని కూతురు పెట్టింది. బడి అయిపోయాక ఆఫీసుకొచ్చి ఆవిడ పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. ఇప్పుడు ఆ అమ్మాయే కంపెనీ నడుపుతోంది. అయినా అందరికీ చిన్నమ్మాయే. ఈవిడ అందరికీ పిన్నే. ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన సేల్స్ మేనేజరు కూడా పిన్నీ అనే పిలుస్తాడు, అలా పిలిస్తే తన వయసు తగ్గినట్టు ఉంటుందని ఆయన నమ్మకం. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

పిన్నికి కోపం తక్కువ, పట్టింపులు ఎక్కువ. రుచి చూసే రోజు పొద్దున్న కాఫీ తాగదు. వాసన సబ్బు ముట్టదు. ఉల్లిపాయ తిన్నవాళ్ళని గదిలోకి రానివ్వదు. అన్నిటికంటే పెద్ద పట్టింపు గ్లాసులది. వాటిని సబ్బుతో కడగకూడదు, గుడ్డతో తుడవకూడదు, ఇంకొకరి చెయ్యి తగలకూడదు. వేడినీళ్ళతో తనే కడిగి, బోర్లించి ఆరబెట్టి, అల్మరాలో పెట్టి తాళం వేసుకుంటుంది. ఆ తాళంచెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగు దాటి బయటికి వెళ్ళిన రోజు లేదు. ఇంకో అలవాటు కూడా ఉంది. వైన్ పోసే ముందు ఖాళీ గ్లాసుని ఒకసారి వాసన చూస్తుంది. ఉత్త గ్లాసులో ఏముంటుందని కొత్తవాళ్ళు అడిగితే, ఏమీ లేదని తెలుసుకోవడానికే చూస్తున్నానంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఆవిడ అలా చూడని ఒక్క రోజు సంగతి.

ఆ రోజు బల్ల మీదకి వచ్చినవి మూడు సీసాలు. మూడూ ఒకటే వైన్, బర్గండీ అనే విదేశీ ప్రాంతం నుంచి వచ్చిన ఎర్ర వైన్. మామూలుగా నాలుగైదు తోటల పళ్ళు కలిపి వైన్ చేస్తారు. ఒక తోటలో పులుపెక్కువైతే ఇంకో తోట తీపి సర్దేస్తుంది. ఇది అలా కాదు. చుట్టూ రాతిగోడ కట్టిన ఒకే ఒక్క తోట, తూర్పు వాలు మీద ఉంటుంది, బడి ఆటస్థలం కంటే పెద్దదేమీ కాదు. ఆ గోడ లోపల పండిన పండే ఆ సీసాలో ఉంటుంది. ఆ ఏడాది వాన ఎక్కువ పడితే ఆ వానే తాగాలి, ఎండ కాస్తే ఆ ఎండే తాగాలి. కప్పిపుచ్చుకోవడానికి పక్క తోట లేదు. పిన్నికి ఈ వైన్ అంటే ఇష్టం అందుకే. ముక్కుసూటి మనిషికి ముక్కుసూటి వైన్ దొరికిందని ఆవిడ భర్త అంటాడు.

ఈ తోట వైన్ తెప్పించమని పన్నెండేళ్ళ క్రితం పట్టుబట్టింది కూడా పిన్నే. అప్పటి నుంచి ఆ తోట పెద్దాయనకీ ఈవిడకీ మధ్య ఒక ఉత్తరాల వరస నడిచింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఒకరి భాష ఒకరికి రాదు. ఏడాదికొకసారి ఈవిడ తన అభిప్రాయం ఒక చీటీ మీద రాసిచ్చేది, చిన్నమ్మాయి దాన్ని ఆ భాషలోకి మార్చి కింద అతికించి పంపేది. ఆయన దగ్గర్నుంచి ఒక పోస్టుకార్డు వచ్చేది. ఒక ఏడాది పిన్ని, రుచి నోట్లో ఎక్కువసేపు నిలవడం లేదు, పీపాలోంచి త్వరగా తీసేసినట్టున్నారు అని రాసింది. నిజమే, ఓపిక పట్టలేకపోయాను అని ఆయన ఒక్క ముక్క రాశాడు. ఆ కార్డు పిన్ని సొరుగులో ఇప్పటికీ ఉంది. పొగిడినందుకు వచ్చిన కార్డులు ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తు లేదు.

ఆ పెద్దాయన నిరుడు చనిపోయాడు. ఈ మూడు సీసాలూ ఆయన కూతురు మొట్టమొదటిసారి ఒంటిచేత్తో చేసిన వైన్. తీసుకుంటారో లేదో ఆ రోజు నాలుగింటిలోగా చెప్పాలి. వీళ్ళు వద్దంటే ఇంకో కంపెనీ వాళ్ళు ఆలోచిస్తారట. కానీ పన్నెండేళ్ళుగా కొన్నవాళ్ళే వద్దన్న సరుకుని ఇంకొకరు ఎందుకు కొంటారు? ఇది పిన్నికి బాగా తెలుసు. అందుకే ఆ పొద్దున్న కొంచెం కంగారుగానే ఉంది.

ఆ వారమే రుచి చూసే గదికి రంగులు వేయించారు. రంగు వాసన గ్లాసులకి పడుతుందని భయపడి పిన్ని, పనివాళ్ళు రాకముందే అన్నిటినీ కడిగి, గళ్ళున్న అట్టపెట్టెల్లో ఒక్కో గ్లాసునీ బోర్లించి, పైన టేపు వేసి, తన గదిలో బల్ల కింద దాచింది. ఆరడానికి వ్యవధి చాలలేదు, కాస్త చెమ్మ ఉండగానే సర్దేసింది. మూడు రోజులు ఆ పెట్టెలు అలాగే ఉన్నాయి. రంగులు ఆరాక, కిటికీలన్నీ తెరిచి, ఆ పొద్దున్నే టేపు విప్పి కావలసిన గ్లాసులు బయటికి తీసింది. అప్పటికే సేల్స్ మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. నేనే కడిగాను, నేనే సర్దాను, ఇంకెవరూ ముట్టలేదు అనుకుంది పిన్ని. ఖాళీ గ్లాసు వాసన చూడకుండానే వైన్ పోసింది.

రంగు బాగుంది. ఆ జాతి ద్రాక్షకి తోలు పలచన, వైన్ ఎప్పుడూ చిక్కటి ఎరుపు కాదు. గ్లాసు వెనక కాగితం పెడితే అక్షరాలు కనిపించాయి. పిన్ని గ్లాసుని రెండుసార్లు తిప్పి ముక్కు పెట్టింది, పెట్టగానే తీసేసింది. మళ్ళీ పెట్టింది. పండు వాసన ఎక్కడో అడుగున నక్కినట్టుంది, పైనంతా వానలో తడిసిన అట్ట వాసన.

బిరడాకి పట్టే రోగం ఒకటుంది, దాని వాసన ఇదే. అది పట్టిన వైన్ తాగితే ఎవరికీ ఏమీ కాదు గానీ తాగబుద్ధి కాదు. వందలో ఒకటో రెండో సీసాలు ఇలా పోతుంటాయి, ఎవరూ పట్టించుకోరు, ఇంకోటి తెరుస్తారు. పిన్ని కూడా ఇంకోటి తెరిచింది, కొత్త గ్లాసులో పోసింది. అదే వాసన. మూడోది తెరిచింది. అదే. ఇక బిరడాల మీద నెపం వేయడానికి లేదు. వరసగా మూడు సీసాలు ఇలా ఉన్నాయంటే ఆ నేలమాళిగలో దూలాలకో పీపాలకో బూజు పట్టి వైన్ మొత్తానికి పాకిందన్నమాటే.

ఆవిడ తడి అట్ట అని అనగానే చిన్నమ్మాయి తన గ్లాసు వాసన చూసి తల దించుకుంది. సేల్స్ మేనేజరు తనకి మొదటి గ్లాసులోనే అనిపించిందని, పిన్ని చెప్తుందేమోనని ఆగానని అన్నాడు. పిన్ని కాగితం మీద 'వాసన పట్టింది, తీసుకోవద్దు' అని రాసి సంతకం పెట్టింది. ఆ పెద్దాయన పోయి ఏడాది తిరక్కుండానే ఆయన నేలమాళిగకి ఈ గతి పట్టిందా అని ఆవిడకి చాలా బాధగా ఉంది. సీసాలకి బిరడాలు మళ్ళీ బిగించి, చల్లగా ఉన్న మూల పెట్టి, భోజనానికి ఇంటికి నడిచింది.

ఇంట్లో ఆవిడ భర్త భోజనం బల్ల మీద అన్నీ సర్ది, ముఖం అమాయకంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ముఖం చూడగానే ఏదో పగిలిందని పిన్నికి అర్థమైంది. రోజూ నీళ్ళు తాగే గ్లాసులు రెండూ పొద్దున్నే ఆయన చేతిలో పోయాయి. షాపు తెరిచినప్పుడు ఎవరో బహుమతిగా ఇచ్చిన గ్లాసులు బీరువా పైన అట్టపెట్టెలో ఏళ్ళ తరబడి పడి ఉంటే, అవి దింపి, పైపైన గుడ్డతో తుడిచి నీళ్ళు పోశాడు.

పిన్ని గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. తడి అట్ట వాసన కొట్టింది.

ఆ వాసన తన ముక్కుకే అంటుకుపోయిందనుకుంది. అలా అంటుకుంటే ఇక ముక్కు లేనట్టే, ముక్కు లేకపోతే ఆ బల్ల దగ్గర తనకి పని లేదు. గ్లాసు ఆయన చేతికిచ్చి, ఈ నీళ్ళలో వాసనేమైనా ఉందా చూడమంది. ఆయన గడగడా తాగేశాడు.

"బాగానే ఉన్నాయి కదా. ఏంటి, నీళ్ళక్కూడా బిరడా పాడయిందా?"

"నీళ్ళకి బిరడా ఎక్కడిదండీ," అంది పిన్ని.

అని, అన్న మాట తనే విని ఆగిపోయింది. లేచి వంటగదిలోకి వెళ్ళి స్టీలు చెంబుతో అవే నీళ్ళు పట్టి వాసన చూసింది. ఏమీ లేదు. తిరిగొచ్చి, నేల మీదున్న అట్టపెట్టెలోకి తల దూర్చి గట్టిగా పీల్చింది. ఆవిడ పెట్టెలో తల పెట్టి అలా ఎంతసేపు ఉండిపోయిందంటే ఆయన కంగారుపడి భుజం మీద చెయ్యి వేశాడు.

నేలమాళిగలో బూజు లేదు, పీపాలకి రోగం లేదు. తను చెమ్మతో బోర్లించి మూడు రోజులు బిగించి పెట్టిన గ్లాసులు ఆ పెట్టెల అట్ట వాసన కడుపు నిండా పట్టుకుని కూర్చున్నాయి. ఒకరి చెయ్యి తగలనివ్వకుండా, అంత జాగ్రత్తగా, తనే చేసిన పని. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. తరవాత టైము చూసింది. రెండు కావస్తోంది. నాలుగింటి దాకా వ్యవధి ఉంది, చిన్నమ్మాయి జవాబు ఇంకా పంపి ఉండదు అనుకుని, తినకుండానే చెప్పులు వేసుకుంది. ఆయన షాపుకి తాళం కూడా వేయకుండా మోటారు సైకిలు తీశాడు. దారిలో ఒక్క జోకు కూడా వేయలేదు, అంటే విషయం ఆయనకీ అర్థమైందన్నమాట.

చిన్నమ్మాయి జవాబు పంపలేదు. కానీ సేల్స్ మేనేజరు ఆ తోట అమ్మాయికి తనకొచ్చిన ఇంగ్లీషులో ఫోను చేసేశాడు. చెడ్డ కబురు ఎంత త్వరగా చెప్తే అంత మర్యాదని ఆయన అభిప్రాయం. మీ నేలమాళిగకి బూజు పట్టింది, వైన్ మొత్తం పోయింది, ఆ పీపాలు పారేయండి అని ఒంటిగంటకే సలహా కూడా ఇచ్చాడట. ఆ అమ్మాయి ఫోను పెట్టేసిందట. పీపాలు పారేయమన్న మాట పిన్ని మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. అవి ఆ పెద్దాయన పీపాలు.

"తప్పు నాది. వైన్‌లో ఏమీ లేదు. గ్లాసులకి వాసన పట్టింది," అంది చిన్నమ్మాయితో.

చిన్నమ్మాయి నమ్మలేనట్టు చూసింది. పిన్ని ఇంతకాలంలో ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. పిన్ని మాటలతో పొద్దుపుచ్చకుండా, అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన ఒక ఖాళీ గ్లాసులో వేడినీళ్ళు పోసి ఇద్దరి ముక్కుల కిందా పెట్టింది. చిన్నమ్మాయి ముఖం చిట్లించింది. సేల్స్ మేనేజరు చాలాసేపు వాసన చూసి, పొద్దున్నే తనకెందుకో అనుమానంగా ఉందని అన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి టైము లేదు.

పిన్ని మూడు గ్లాసులు తీసుకుని ఆరుసార్లు వేడినీళ్ళతో కడిగింది. కిటికీ దగ్గర నిలబడి గాలిలో ఊపుతూ ఆరబెట్టింది. ఒక్కోటీ వాసన చూసింది, మళ్ళీ చూసింది. ఏమీ లేదని గట్టిగా తేలాక పొద్దుటి సీసాల్లోంచి వైన్ పోసింది.

చెర్రీ పండు వాసన ముందుగా వచ్చింది, పొద్దుట్నుంచీ తలుపు అవతల నిలబెట్టినట్టుగా ఒక్కసారి వచ్చింది. వెనకాల కొంచెం గులాబీ రేకులు, కొంచెం రాలిన ఆకుల వాసన. పిన్నికి ప్రాణం లేచొచ్చింది, కళ్ళు తడిసాయి కూడా. అది ఆ తోటే. గోడతో సహా ఆ తోటే. ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పి ఉమ్మేసింది. కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టింది. రుచి నోట్లో ఎంతసేపు నిలుస్తుందో ఆవిడ అలాగే లెక్కపెడుతుంది. పెద్దాయన వైన్ పన్నెండు దాకా వచ్చేది, ఒక మంచి ఏడాది పదిహేను కూడా వచ్చింది. ఇది ఏడు దగ్గర ఆగిపోయింది.

ఇంకో సీసాలోంచి తీసుకుంది. మళ్ళీ ఏడే. పులుపు శుభ్రంగా ఉంది, వగరు నాజూగ్గా ఉంది, మధ్యలో మాత్రం కాస్త ఖాళీ. పండు తీగ మీద ఇంకో నాలుగైదు రోజులు ఉండాల్సింది. వాన పడుతుందేమోనని భయపడి ఆ అమ్మాయి ముందే కోసేసింది. పిన్నికి అది చూసినంత స్పష్టంగా తెలిసిపోయింది, తెలిసినందుకు ఏమీ బాగోలేదు.

పొద్దున్న చేసిన తప్పుకి ఇప్పుడు ఈ వైన్‌ని ఆకాశానికెత్తేయాలని ఆవిడకి ఎంత అనిపించిందో చెప్పలేం. చెడిపోయింది, పారేయండి అని ఒక మనిషిని ఏడిపించి, మూడు గంటలు తిరక్కుండా, చెడిపోలేదు గానీ అంత గొప్పగా లేదు అని ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? చిన్నమ్మాయి కూడా అదే అంది. పొద్దున్న అంత మాట అన్నాం, ఇప్పుడు నాలుగు మంచి మాటలు ఎక్కువ అంటే పోయేదేముందంది. సేల్స్ మేనేజరు ఒకడుగు ముందుకేసి, తండ్రిని మించిన కూతురని కరపత్రంలో కూడా వేద్దామన్నాడు. పిన్ని చేతిలో కలం కాసేపు కాగితం మీద ఆడింది. ఏదీ రాయలేక పక్కన పెట్టేసి, ముందు ఫోను కలపమంది.

ఆ అమ్మాయి ఫోను ఎత్తింది. గొంతు రాయిలా ఉంది. ఆ భాష చిన్నమ్మాయికే వచ్చు కాబట్టి పిన్ని చెప్పేది ఆమె అటు చెప్పాలి, అక్కడి మాట ఇటు చెప్పాలి. పిన్ని గ్లాసుల సంగతి మొదట్నుంచీ చెప్పింది. అట్టపెట్టెలు తనే సర్దిందని, ఖాళీ గ్లాసు వాసన చూడ్డం తనే మానేసిందని, తప్పు ఇంకెవరిదీ కాదని చెప్పింది. పీపాలు పారేయొద్దని రెండుసార్లు చెప్పించింది.

అవతల్నుంచి వచ్చిన మాట చిన్నమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "ఇందాక చెడిపోయిందన్నారు, ఇప్పుడు చెడిపోలేదంటున్నారు. ఇందులో ఏది నమ్మమంటారు, అని అడుగుతోంది పిన్నీ. ఇంకోటి కూడా అడుగుతోంది. వాళ్ళ నాన్న వైన్ అంత బాగుందా, అని."

గదిలో ముగ్గురూ పిన్ని వైపే చూశారు. ముగ్గురంటే ఆవిడ భర్త కూడా, ఆయన తలుపు దగ్గర హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాడు. అవునంటే అందరూ హాయిగా ఇళ్ళకి వెళ్ళొచ్చు.

"లేదు. ఇంకా లేదు," అంది పిన్ని.

చిన్నమ్మాయి ఫోన్లో చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూనే ఉంది. పిన్నికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు గానీ పొడుగు తెలుస్తుంది.

"నేనన్నది రెండు మాటలు. నువ్వింతసేపు ఏం చెప్తున్నావమ్మాయ్? నేనన్నదే చెప్పు."

చిన్నమ్మాయి ఎర్రబడిన ముఖంతో మళ్ళీ చెప్పింది. ఈసారి చిన్నగా, రెండే మాటలు. పిన్ని ఆగకుండా మిగతాది కూడా చెప్పించింది. తోట వాసన తోటలాగే ఉందని, చేసిన చేతిలో శుభ్రత ఉందని, వానకి భయపడి నాలుగు రోజులు ముందు కోసినట్టుందని, అందుకే రుచి త్వరగా ఆగిపోతోందని, అయినా ఎప్పటిలాగే ఉన్నదంతా తాము తీసుకుంటామని.

అవతల ఏదో చప్పుడైంది. నవ్వో ఏడుపో తెలియలేదు. తరవాత ఆ అమ్మాయి గడగడా మాట్లాడింది. చిన్నమ్మాయి వింటూ వింటూ కళ్ళు తుడుచుకుంది, ఆపైన చెప్పింది.

"అయిదు రోజులు ముందు కోసిందట. ఎవరికీ చెప్పలేదట. నాన్న పోయాక రుచి చూసిన ప్రతి ఒక్కళ్ళూ అచ్చం నాన్న వైన్‌లాగే ఉందన్నారట. కాదని తనకి తెలుసట. నాకు నిజం చెప్పే మనిషి ఇంక ఎవరూ లేరనుకున్నాను, అంటోంది. ఇందాకటి మాట నమ్మలేదుగానీ ఇది నమ్ముతానంటోంది."

చిన్నమ్మాయి ఇంకా చెప్పాల్సింది ఉంది. వాళ్ళ నాన్న పిన్ని రాసిన చీటీల్లో పొగిడినవి చదివి పక్కన పెట్టేసేవాడట. తప్పు పట్టినవి మాత్రం నేలమాళిగ తలుపుకి లోపలి వైపు అతికించేవాడట, రోజూ తలుపు మూసేటప్పుడు కనిపించేలా. నాలుగున్నాయట. అయిదోది కూడా పంపమని అడిగిందట ఆ అమ్మాయి, ఎప్పటిలాగే సొంత చేత్తో రాసి.

పిన్ని పొద్దుటి కాగితం చింపేసి కొత్తది తీసుకుంది. కింద కార్బన్ పేపరు పెట్టింది. వాసన తోటదే, శుభ్రంగా ఉంది అని రాసింది. రుచి ఏడు దాకా నిలిచింది, పన్నెండు దాకా నిలవాలి అని రాసింది. వచ్చే ఏడాది ఇంకాస్త ఓపిక పట్టు అని రాసింది. సంతకం పెట్టబోయి ఆగి, ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. 'పొద్దున్న నేను దీన్ని చెడిపోయిందన్నాను. ఖాళీ గ్లాసు వాసన చూడనందువల్ల జరిగిన తప్పు, అది నాదే.'

తిరుగుదారిలో ఆవిడ భర్త, ఇవాళ ఉమ్మిందానికి మాత్రం జీతం సరిపోదని అన్నాడు. ఆకలి దంచేస్తోంది, త్వరగా పోనివ్వమంది పిన్ని. ఇంటికెళ్ళాక నీళ్ళు స్టీలు చెంబుతో తాగారు.

అసలు చీటీ మర్నాడు పోస్టులో వెళ్ళింది, ఇప్పుడది నేలమాళిగ తలుపు మీద అయిదోది. కార్బన్ కాపీ పిన్ని తన గ్లాసుల అల్మరా తలుపుకి లోపలి వైపు అతికించింది. అల్మరా తెరిచినప్పుడల్లా ఆవిడకి ముందు ఆ చీటీ కనిపిస్తుంది, ఆ తరవాతే గ్లాసులు.